మన ముంగిట పైన్ చెట్టు

ధర్మవరములో రైలెక్కి పెనుకొండ మీదుగా హిందూపురము పోవువారు కిటికీలోనుండి చూచినచో రెండు సంగతులు గమనింపవచ్చును. బండి దక్షిణమునకు సాగినకొలది నేల మెల్లమెల్లగా ఎత్తు పెరుగుచుండుట మొదటిది. ఊరి అంచులలో కొత్తగా వెలసిన మిద్దెల ముంగిట, గేటునకు ఒక ప్రక్కనో ఇరుప్రక్కలనో, గోపురమువలె మొన తేలి అంతస్తులుగా కొమ్మలు చాచిన పచ్చని చెట్టు నిలిచియుండుట రెండవది. ఆ ఇంటివారిని అడిగినచో "పైన్ చెట్టు, బెంగుళూరినుంచి తెచ్చినాము" అందురు. కొందరు దానినే క్రిస్మస్ చెట్టు అందురు.

చెట్టు నిండుగా ఉన్న ఇంట ఈ మాట సంతోషముతో వచ్చును. కాని అట్టి ఇండ్లు కొన్నియే. తెచ్చిన మొదటి ఏడు పచ్చగా ఉండి, రెండవ వేసవిలో క్రింది కొమ్మలు గోధుమవన్నెకు తిరిగి, వానలు పడులోపల మోడైపోయిన మొక్కలను మేము ఈ మూడు ఊళ్లలోను చూచితిమి. మొక్కకు పెట్టిన వెలకంటె దానికి పోసిన నీటి వెల ఎక్కువ. వేసవిలో ట్యాంకరు నీటికొరకు బిందెలు వరుసలో పెట్టు వీధులలో ఒక చెట్టు చచ్చుట చిన్న నష్టము కాదు. కావున పైన్ చెట్టనగా ఏది, అది మన నేలలో ఏల బ్రతుకదు, ఆ రూపమునే కోరువారు ఏమి నాటవచ్చును, నాటినదానిని ఎట్లు కాపాడవలెను అను సంగతులను కొంత వివరముగా చెప్పుకొందము.

ముందుగా పేరు. మన కావ్యములలో హిమవంతమును వర్ణించుచోట సరళ వృక్షము, దేవదారువు అను రెండు పేర్లు వచ్చును. వీనిలో సరళమే నిజమైన పైన్ జాతి చెట్టు. ఉత్తరదేశమున దానిని చీడ్ అనియు చిర్ అనియు పిలుతురు. దాని మ్రానుకు గాటు పెట్టినచో కారు బంకనుండియే రంగులలో కలుపు టర్పెంటైను తీయుదురు. దేవదారువు వేరొక జాతి. పైన్‌ను గుర్తుపట్టుటకు శాస్త్రగ్రంథము అక్కరలేదు. ఆకులు సూదులవలె పొడవుగా ఉండి, రెండో మూడో ఐదో కలిసి ఒక కట్టగా పుట్టును. ఆ కట్ట మొదట కాగితమువంటి పలుచని తొడుగు ఉండును. చిర్ పైన్‌లో మూడేసి సూదులు, ఇంకను ఎత్తున పెరుగు నీలిపైన్‌లో ఐదేసి సూదులు ఉండును. సూదుల కట్టలు కనబడనిచో అది పైన్ కాదు.

ఈ పరీక్ష పెట్టినచో మన వీధులలోని పైన్ చెట్లలో నూటికి తొంబది తేలిపోవును. గేటుప్రక్కన అంతస్తులుగా పెరుగునది అరౌకేరియా. దాని ఆకులు కట్టలుగా ఉండవు. చేపపొలుసులవలె ఒకదానిమీద ఒకటి కప్పుకొని కొమ్మను త్రాడువలె చుట్టియుండును. బడుల ఆవరణలలోను పాత బంగళాల చుట్టును గాలికి సముద్రమువలె హోరెత్తు చెట్టు సర్వి. కోస్తావారు దానిని సరుగుడు అందురు, మన సరిహద్దునకు ఆవల కన్నడములో సర్వె అందురు. దాని సూదిని వ్రేళ్లతో పట్టి లాగినచో కణుపువద్ద టక్కున ఊడివచ్చును. ఏలయన అది ఆకు కాదు, సన్నని రెమ్మ. నిజమైన ఆకులు ఆ కణుపుచుట్టు ముల్లంత పొలుసులుగా మాత్రమే ఉండును. ఇక పిల్లలు పుస్తకముల నడుమ దాచుకొను చదునైన విసనకఱ్ఱవంటి రెమ్మలది తూజా. ఈ మూడును పైన్‌లు కావు. సర్వి అయితే ఆ కుటుంబమునకు చుట్టము కూడ కాదు. పూలు పూయు చెట్ల వర్గములోనిది.

మరి నిజమైన పైన్ మన ప్రాంతమున పెరుగదా? పెరుగుట కష్టమనియే మా అభిప్రాయము. చిర్ పైన్ హిమాలయముల దిగువ వాలులలో, సముద్రమట్టమునకు సుమారు 450 మీటర్ల ఎత్తునుండి 2,300 మీటర్ల వరకు పెరుగును. హిందూపురము 620 మీటర్ల ఎత్తున ఉన్నది గదా అని ఎవరైన అడుగవచ్చును. ఎత్తు ఒక్కటియే చాలదు. హిమాలయపు వాలులమీద వర్షాకాలమున కుంభవృష్టి కురియును. మనది పడమటి కనుమల చాటున ఉన్న నేల. నైరుతి మేఘములు ఆ కనుమలమీదనే బరువు దింపుకొని తేలికపడి మనమీదుగా పోవును. తూర్పునుండి వచ్చు ఈశాన్యపు వానలు ఇక్కడికి చేరునప్పటికి అలసియుండును. అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలలో సాలీనా సగటు వర్షము 550 మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే. 2022 లో జిల్లా పేరు మారి ఈ మూడు ఊళ్లు శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వచ్చినవి గాని, ఆకాశము మారలేదు. ఉన్న వర్షములో పెద్దపాలు సెప్టెంబరు, అక్టోబరులలో పడును. తరువాత జూను వరకు నేల ఎండుచునే ఉండును.

ఇంతకంటె సూక్ష్మమైన అడ్డంకి మరియొకటి కలదు. దానిని తెలియక పోగొట్టుకొన్న మొక్కలకు ప్రపంచమున లెక్కలేదు. పైన్ చెట్టు ఒంటరిగా బ్రతుకునది కాదు. దాని వేరుకొసలను ఒకవిధమైన శిలీంధ్రము, అనగా కుక్కగొడుగుల జాతి బూజు, తొడుగువలె చుట్టుకొనియుండును. ఆ బూజు దారములు మట్టిలో దూరదూరములకు ప్రాకి భాస్వరమును నీటిని తెచ్చి చెట్టునకు ఇచ్చును. చెట్టు తాను ఎండలో వండుకొన్న చక్కెరలో కొంత దానికి ఇచ్చును. ఈ బూజు పైన్ అడవుల మట్టిలో సహజముగా ఉండును. పైన్ ఎన్నడును పెరుగని నేలలో ఉండదు. పోర్టోరికో ద్వీపమున 1930 ల నుండి మరల మరల పైన్ విత్తనములు చల్లి మొక్కలు పెంచిరి. మొలకలు వచ్చినవి, పసుపుపచ్చబారి చచ్చినవి. 1955 ప్రాంతమున అమెరికాలోని పైన్ అడవుల మట్టిని తెచ్చి వేళ్లవద్ద కలిపిన పిదప ఆ మొక్కలే ఆకుపచ్చబడి పెరిగినవి. మన అరకులోయ వైపు కొండలమీద నాటిన పైన్ తోపులు నేడు చూడముచ్చటగా ఉన్నవనగా, అక్కడ ఎత్తు, చల్లదనము, వర్షము కూడ కలిసివచ్చినవి.

ఉత్తరదేశయాత్రకు పోయినప్పుడు మేమును ఒక చిర్ మొక్కను వేళ్లు కడిగి, తడిగుడ్డ చుట్టి తెచ్చితిమి. దారిలో బరువు తగ్గునని మట్టి కడిగితిమి. ప్రాణమునే కడిగివేసితిమని తరువాత తెలిసినది. హిందూపురములో అది పదునెనిమిది నెలలు ఉన్నది. పెరిగినది నాలుగంగుళములు. ఇప్పటికిని పైన్‌నే పెంచవలెనను పట్టుదల గలవారు హిందూపురము వైపు ప్రయత్నింపవచ్చును. ఆరోగ్యముగా పెరుగుచున్న పైన్ చెట్టుక్రింది మట్టి దోసెడు గుంటలో కలిపి, సున్నపు గుణము గల బోరునీటికి మారుగా వాననీటిని పోయవలెను. పైన్‌కు పులుపుగుణము గల నేల హితము. ధర్మవరము హిందూపురముకంటె చాల దిగువన ఉన్నది, అక్కడి ఎండ మరింత తీవ్రము. అక్కడ ఈ ప్రయత్నము వద్దనియే మా మాట.

కాబట్టి అరౌకేరియా సంగతికి వత్తము. దీని స్వస్థలము ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్ సముద్రములోని న్యూ కాలెడోనియా. 1774 లో కెప్టెన్ కుక్ ఆ ద్వీపములను చూచెను. ఆయన పేరిటనే దీనిని కుక్ పైన్ అందురు. దీనికి దాయాది నార్‌ఫోక్ ద్వీపపు పైన్. ఈ రెండింటిని ఒకే పేరుతో అమ్ముట అంగళ్లలో సాధారణము. బెంగుళూరు లాల్‌బాగులో ఆకాశమును గుచ్చునట్లు నిలిచిన అరౌకేరియాలను చూచినవారు మనలో చాలమంది ఉందురు. 1961 లో ఎలిజబెత్ రాణి బెంగుళూరునకు వచ్చినప్పుడు లాల్‌బాగులో నాటిన మొక్క కూడ ఈ జాతిదే. మన ఇండ్లముందు ఈ చెట్టు వెలయుటకు ఆ తోటయే స్ఫూర్తి అనిన తప్పుకాదు.

పైన్‌కు లేని రెండు సుగుణములు దీనికి కలవు. కుక్ పైన్ సముద్రపు ఒడ్డున పగడపు సున్నపురాతి నేలలమీద పెరిగిన చెట్టు. కావున మన గట్టినీటిలోని సున్నమును అది పైన్‌కంటె బాగుగా సహించును. దాని వేళ్లతో చెలిమి చేయు బూజు కూడ వేరు రకము. అది ఇంచుమించు ఏ నేలలోనైనను దొరకును. జొన్నచేనిలోను వేపచెట్టుక్రిందను ఉండును. కాబట్టి మట్టిని దూరదేశమునుండి మోసి తేనక్కరలేదు. లోపమొక్కటే. అది సముద్రపు తేమగాలికి అలవాటుపడినది. మన ఏప్రిలు, మే నెలల పొడిగాలికి లేతవయసున తట్టుకొనలేదు.

కొన్నేండ్ల క్రిందట మా బంధువుల గృహప్రవేశములకు ఒకే నర్సరీనుండి మూడు మొక్కలు కొని హిందూపురమున ఒకటి, పెనుకొండలో ఒకటి, ధర్మవరమున ఒకటి ఇచ్చితిమి. ధర్మవరపు మరదలు దానిని నల్లని ప్లాస్టిక్కు తొట్టిలోనే ఉంచి మిద్దెమీద పెట్టినది. మే నెల మధ్యాహ్నమున ఆ తొట్టిని చేతితో తాకలేకపోయితిమి. లోపల వేళ్లు ఉడికిపోయినవి. ఎంత నీరు పోసినను లాభము లేకపోయినది. పెనుకొండ మొక్క చావలేదు, కాని మూడేండ్లకును నిలువుగా లేవక, ప్రక్కకొమ్మవలె నేలకు సమాంతరముగా సాగినది. కారణము తరువాత తెలిసినది. అది విత్తనపు మొక్క కాదు, ప్రక్కకొమ్మను కత్తిరించి అంటు కట్టినది. అరౌకేరియాలో ప్రక్కకొమ్మ తన స్వభావమును మరువదు. వేరు తొడిగిన తరువాత కూడ ప్రక్కకే పోవును. కావున కొనునప్పుడు నడిమి మొవ్వ నిట్టనిలువుగా ఉండి, దానిచుట్టు నాలుగైదు కొమ్మలు గొడుగు ఊచలవలె సమముగా ఉన్న మొక్కను చూచి తీసికొనవలెను. ఎత్తైన మొక్క వలదు. రెండడుగుల మొక్క నాలుగేండ్లలో ఆరడుగుల మొక్కను దాటిపోవుట మేము చూచితిమి. తొట్టిలో చాలకాలమున్న పెద్దమొక్కకు వేళ్లు చుట్టలు చుట్టుకొని నేలలోనికి దిగవు.

నాటుటకు ఆగస్టు చివరనుండి సెప్టెంబరు నడిమివరకు మంచి అదను. ముందున్న రెండు నెలల వానలలో మొక్క వేరూనుకొనును. జూను మొదటి జల్లు చూచి తొందరపడువారు జూలైలోని సుదీర్ఘమైన గాలి తాకిడికి చిక్కుదురు. గుంట మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉండవలెను. పెనుకొండ కొండదాపున గరుసు నేల గనుక గడ్డపారకు రాయి తగులును. అక్కడ లోతుకంటె వెడల్పు పెంచుట మేలు. పై ఎఱ్ఱమట్టి రెండుపాళ్లు, ఇసుక ఒకపాలు, బాగుగా మాగిన పశువులపేడ ఎరువు ఒకపాలు కలిపి, రెండు దోసిళ్ల వేపపిండి చల్లి నింపవలెను. చెదలు మన నేలలో మొక్కకు తొలి శత్రువు. వేపపిండి దానిని కొంత దూరముంచును. నల్లరేగడి ఉన్నచోట నీరు నిలువకుండ జానెడెత్తు దిబ్బ చేసి నాటవలెను. మొక్క తొట్టిలో ఎంతవరకు మట్టిలో ఉన్నదో అంతవరకే పూడ్చవలెను. మొదలు మునిగినచో కుళ్లును.

నీరు పోయుటలో చేయు తప్పే ఎక్కువ మొక్కలను చంపును. ప్రతిసాయంకాలము చెంబెడు నీరు పోయుట మన ఇండ్లలో తులసికోటనుండి వచ్చిన అలవాటు. తులసికి అది చాలును. చెట్టునకు అది కీడు. పైన తడిసిన రెండంగుళములలోనే వేళ్లు మేసి, లోతునకు పోవు. వారమునకు రెండుసార్లు, ప్రతిసారియు ఇరువది లీటర్లు పోసి, నడుమ ఎండనిచ్చుట సరియైన పద్ధతి. ఇంతకంటె పొదుపైన ఉపాయము కుండ. కుమ్మరివాని మామూలు మట్టికుండలు రెండు, కాల్చినవే గాని పూత లేనివి, మొక్కకు ఇరువైపుల అడుగున్నర దూరమున మూతివరకు పాతి, నీరు నింపి మూకుడు మూయవలెను. నీరు కుండగోడలలోనుండి నెమ్మదిగా ఊరి, నేల ఎండినప్పుడు ఎక్కువగాను, తడిగా ఉన్నప్పుడు తక్కువగాను వేళ్లకు అందును. మూడునాలుగు దినములకు ఒకసారి నింపిన చాలును. మూతి మూయనిచో దోమలు పుట్టును. గట్టినీటివలన రెండేండ్లలో కుండ రంధ్రములు పూడుకొనును. అప్పుడు మార్చవలెను.

మిద్దెనీటిని పట్టుకొనువారికి ఈ చింతయే లేదు. వేయి చదరపుటడుగుల మిద్దెమీద ఏటికి 550 మిల్లీమీటర్ల వాన కురిసినచో 51,000 లీటర్లగును. అందులో పదింట రెండుపాళ్లు వ్యర్థమైనను 40,000 లీటర్లు దక్కును. వారమునకు నలువది లీటర్ల చొప్పున నలువది వారములకు ఒక చెట్టు త్రాగునది 1,600 లీటర్లు. వీధికాలువలోనికి వదలు నీటితో ఇంటిముందు చెట్టును పెంచుకొనుటయే గాక, కుటుంబపు వాడుకకును మిగులును.

మొదలుచుట్టు నేలను కప్పియుంచుట మరువరాదు. అందులకు మన ప్రాంతమున దొరకునది వేరుశనగ పొట్టు. మూడంగుళముల మందమున పరచి, మ్రానునకు జానెడు దూరము వదలవలెను. తగిలించినచో చెదలకు నిచ్చెన వేసినట్లగును. మొదటి రెండు వేసవులు పడమటివైపు నాలుగు కఱ్ఱలు పాతి కొబ్బరిమట్టలు కట్టినచో మధ్యాహ్నపు ఎండ దెబ్బ తప్పును. తూర్పు ఎండ తగులవలెను. పూర్తి నీడలో పెట్టినచో మొక్క సన్నబడి క్రిందికొమ్మలను రాల్చును.  వసారాలో తొట్టిలో పెంచువారు వారమునకొకసారి తొట్టిని పావువంతు త్రిప్పవలెను. లేనిచో వెలుతురువైపే ఒరగును. కత్తెర పెట్టుటకు ఉబలాటపడవలదు. ముఖ్యముగా మొవ్వను త్రుంచినచో ఆ గోపురము మరల కట్టబడదు. ఎత్తు ఎక్కువైనదని నడిమికి నరికించిన చెట్లు తరువాత ఎట్లుండునో చూచినవారు ఆ పని చేయరు.

చోటు విషయమున మొగమాటము లేకుండ చెప్పవలసియున్నది. రెండడుగుల మొక్కను చూచి గోడకు మూడడుగుల దూరమున నాటుదురు. ఇది మన మిద్దెలన్నిటిని మించి పోవు చెట్టు. గోడకు కనీసము ఇరువది అడుగుల దూరము, పైన కరెంటుతీగ లేని చోటు కావలెను. అంత ఖాళీ లేనివారు తొట్టిలోనే కొన్నేండ్లు ఉంచి, పిదప బడికో గుడికో ఇచ్చుట మంచిది. మరియొక విచిత్రము. కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఐదు ఖండములలో 256 కుక్ పైన్ చెట్లను కొలిచి 2017 లో ప్రకటించిన ఫలితమిది: ఈ చెట్లు భూమధ్యరేఖవైపు ఒరగును. ఉత్తరార్ధగోళమున దక్షిణమునకు, దక్షిణార్ధగోళమున ఉత్తరమునకు. సగటు ఒరుగు 8.55 డిగ్రీలు. భూమధ్యరేఖకు దూరమైనకొలది ఒరుగు ఎక్కువ. మనము రేఖకు 14 డిగ్రీల దూరముననే ఉన్నాము గనుక మనకు అంతకంటె తక్కువ ఉండవచ్చును. అయినను ఆ సగటుననే లెక్కించినచో అరువది అడుగుల చెట్టు మొన మొదలుకంటె తొమ్మిదడుగులు దక్షిణముగా ఉండును. కావున ఇంటికి ఉత్తరమున నాటుట తగదు. దక్షిణపు ఆవరణలో, ఆవల తీగయు పొరుగువారి మిద్దెయు లేనిచోట నాటవలెను.

సర్విని గూర్చి క్లుప్తముగా. నీరు తక్కువగా ఉండి గాలి ఎక్కువగా ఉన్న స్థలమునకు, ముఖ్యముగా ఊరిబయటి ఇండ్లకు, అరౌకేరియాకంటె ఇదియే తగినది. దీని వేళ్లమీది బుడిపెలలో ఒక సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చును గనుక పేదనేలలోను పెరుగును. రెండడుగులకొకటి నాటి కత్తిరించుచున్నచో పచ్చని గోడవలె కంచె అగును. రాలిన సూదిరెమ్మలు మెత్తని చాపవలె పేరుకొని, క్రింద మరేమియు మొలవనీయవు, వేసవిలో నిప్పురవ్వకు భగ్గుమనును. వంటింటికి దూరముగా ఉంచి, అప్పుడప్పుడు ఊడ్చి తీయవలెను. తూజా చిన్న ఆవరణకు చాలును, దానికి ఎండయు మితమైన నీరును తప్ప వేరు కోరిక లేదు.

వేపయు కానుగయు ఉండగా ఈ దొరసాని చెట్లు ఎందులకని అడుగు పెద్దలు కలరు. వారి మాటలో న్యాయమున్నది. ఈ జిల్లాలోనే గూటిబయలువద్ద తిమ్మమ్మ మర్రిమాను, 1989 లో గిన్నిస్ గ్రంథమునకెక్కిన ఆ మహావృక్షము, ఏ పొట్టు పరుపు, ఏ కొబ్బరిమట్ట చాటు లేకుండ ఎకరాలు ఆక్రమించినది. మధ్యాహ్నము మంచము వేసికొనుటకు అరౌకేరియా నీడ పనికిరాదు. ఒక్క చెట్టునకే చోటున్నవారు వేపనే నాటవలెనని మేమును చెప్పుదుము. ఉన్న వేపను కొట్టివేసి దాని స్థానమున అరౌకేరియా పెట్టిన ఇల్లొకటి మాకు తెలియును. ఆ ఇంటి పడమటి గది ఇప్పుడు రాత్రి పదిగంటలకు గాని చల్లబడదు. కాని రెండవ చెట్టునకు చోటుండి, కంటికింపుకొరకు ఒకటి కోరువారిని కాదనుటకు మనమెవరము?

మేమిచ్చిన మూడింటిలో హిందూపురపు మొక్క నేడు పదునేనడుగుల చెట్టు. ఏటికొక అంతస్తు వేయుచున్నది. క్రిందటి వానాకాలమున తాపీమేస్త్రీచేత దారమునకు గుండు కట్టించి చూపించితిమి. మొన అప్పటికే దక్షిణమునకు నాలుగంగుళములు జరిగియున్నది. ఆ వైపున పొరుగువారి నీళ్లతొట్టి ఉన్నది. దానిని జరుపుటకు వారును అంగీకరించినారు.